తాగలేదు, రుచి చూశాను

మహానగరాల్లో తాగుడు పూర్తిగా అంతరించిపోయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నమ్మకం లేకపోతే చిన్న తయారీదార్ల రకరకాల బీర్లు అమ్మే ఏ క్రాఫ్ట్ బీర్ బార్‌కైనా వెళ్ళి చూడండి. అక్కడ తాగేవాడు ఒక్కడూ కనపడడు. అందరూ రుచి చూస్తున్నవాళ్ళే.

నాకీ జ్ఞానం మా మిత్రుడి వల్ల కలిగింది. ఇద్దరం ఒక పెద్ద నగరానికి పని మీద వెళ్ళాం. పని ఒక పూటలో తేలిపోయింది. మిగిలిన పూట కోసం వాడు మూడు బార్ల పేర్లు ముందే రాసిపెట్టుకున్నాడు. చూడదగిన ప్రదేశాలట.

మొదటి బార్‌లో కూర్చోగానే బల్ల మీదికి ఒక చెక్క పలక వచ్చింది. దానికి నాలుగు కంతలు, కంతకో బుల్లి గ్లాసు. దీన్ని ఫ్లైట్ అంటారు. నాకు దాహంగా ఉంది, చెయ్యి చాపాను. వాడు చేతి మీద ఒక్కటిచ్చాడు. "ఎడమ నుంచి కుడికి వెళ్ళాలిరా. తేలికవి ముందు, ఘాటైనవి చివర." సరేనని ఎడమ గ్లాసు పట్టుకున్నాను. మళ్ళీ కొట్టాడు. ఫొటో తీయలేదుగా! ఫొటో కుదిరేసరికి నురుగు చచ్చింది, చల్లదనం చచ్చింది, నా దాహం కూడా చచ్చే స్థితిలో ఉంది.

ఆ తర్వాత వాసన చూడటం మొదలైంది. మూడో గ్లాసులో ఏదో పుల్లటి బీరు. బెల్జియంలో లాంబిక్ అని ఒకటుంది. ఉడికించిన మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) రసాన్ని మూత పెట్టకుండా వదిలేస్తే గాలిలోని ఈస్ట్ వచ్చి పడి పులియబెడుతుంది. ఇది ఆ బాపతు. మావాడు ముక్కు గ్లాసులో ముంచి కళ్ళు మూసుకున్నాడు. "గుర్రం మీద కప్పే దుప్పటి" అన్నాడు. ఇది తిట్టు కాదు. బ్రెట్టనోమైసిస్ అనే ఈస్ట్ వల్ల వచ్చే వాసనకి బీరు పండితులు నిజంగానే పెట్టుకున్న పేరిది. నా అభ్యంతరం వేరు. వీడు పుట్టి బుద్ధెరిగాక గుర్రం దరిదాపులకి వెళ్ళలేదు. దాని దుప్పటి ఎప్పుడు వాసన చూశాడు?

ఇంతలో పక్క బల్ల పెద్దమనిషి ఇటు వంగాడు. "క్షమించాలి, అది తడిసిన దుప్పటి" అన్నాడు. మావాడు ఒప్పుకోలేదు. తడిసి ఆరిన దుప్పటి అన్నాడు. ఆయన మళ్ళీ పీల్చి, ఆరింది గానీ ఎండలో ఆరలేదన్నాడు. పావుగంట గడిచింది. గుర్రం ఆడదా మగదా అనే దాకా రాకుండా నాలుగో గ్లాసు అడ్డుపడింది.

నాలుగో దాంట్లో మావాడికి వెన్న తగిలింది. "అబ్బ, ఏం కమ్మదనం! వెన్న వేశారా?" అని బార్టెండర్‌ని అడిగాడు. అతని మొహం వాడిపోయింది. పాపం, వెన్న ఎవరూ వేయరు. ఈస్ట్ పని పూర్తికాకముందే బీరుని తొందరపడి దించేస్తే డయాసిటైల్ అనే పదార్థం మిగిలిపోయి ఆ వాసన వస్తుంది. ఇంకో రెండు మూడు రోజులు ఓపిక పడితే ఈస్టే దాన్ని తినేస్తుంది. ఇలాంటి బీరులో అది లోపం. ఆ లోపానికే మావాడు ఫోన్‌లో ఐదు చుక్కలిచ్చాడు.

రెండో బార్‌లో చేదు పందెం. మెనూలో ప్రతి బీరు పక్కనా ఐబీయూ అని ఒక అంకె. బీరుకి చేదునిచ్చే హాప్స్ అనే పూల నుంచి దిగిన చేదు పదార్థం లీటరుకి సుమారుగా ఎన్ని మిల్లీగ్రాములో చెప్పే లెక్క అది. మాల్ట్ తీపి ఎక్కువుంటే 60 కూడా నాలుకకి తెలియకపోవచ్చు. కానీ అంకె కనపడ్డాక మనవాళ్ళు ఊరుకుంటారా? వీడు 70 అంటే పక్కవాడు 90. తాడి తన్నేవాడి తల దన్నేవాడు లోపల స్టూల్ మీద కూర్చుని ఉన్నాడు.

అందరి చేతుల్లోనూ ఇండియా పేల్ ఏల్. ఇండియా పేరు పెట్టుకుని ఇంగ్లండ్‌లో పుట్టిన బీరు. ఓడ ప్రయాణంలో చెడిపోకుండా హాప్స్ దండిగా వేసి ఇక్కడి దొరలకి పంపేవారు. ఇంగ్లండ్‌లో ఈ బీరుకి పేరుపడ్డ బర్టన్ ఊరి నీళ్ళలో జిప్సం అనే ఖనిజం ఎక్కువ కాబట్టి ఆ చేదు అంత చక్కగా పలికిందని మావాడు ఉపన్యాసమిచ్చాడు. అది నిజమే. నిజం కూడా మూడోసారి వింటే విసుగే.

మూడో బార్ నుంచి బయటికొచ్చాక వాడు జేబులోంచి అద్దెకారు తాళం తీశాడు. "ఇవ్వు" అన్నాను. "నేను తాగలేదురా, రుచి చూశానంతే" అన్నాడు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. గ్లాసు బుల్లిదే, 150 మిల్లీలీటర్లు. నాలుగు కలిస్తే 600. సగటున 6 శాతం వేసుకున్నా పలకకి 28 గ్రాముల ఆల్కహాల్. చాలా దేశాల్లో 10 గ్రాములని ఒక డ్రింక్‌గా లెక్కేస్తారు. మూడు బార్లు, మూడు పలకలు, ఎనిమిది డ్రింకులు దాటాయి. వైన్ రుచి చూసేవాళ్ళు కనీసం ఉమ్మేస్తారు. వీళ్ళు ఉమ్మరు, చేదు గొంతు దిగితేనే తెలుస్తుందట! పెద్ద గ్లాసులో తాగినవాడికి తాగానన్న సిగ్గయినా ఉంటుంది, ఆటో పిలుచుకుంటాడు. ఈ పలకల పండితుడికి అదీ లేదు. దారి తెలియని ఊళ్ళో, తనది కాని కారులో, రోడ్డు దాటుతున్నవాళ్ళ మీదికి గుర్రపు దుప్పటి గురించి ఆలోచిస్తూ వస్తాడు. చిన్న గ్లాసులో పోస్తే విషం తీర్థమవుతుందట్రా వెధవా, అని అరిచాను. నడిరోడ్డు మీద, నలుగురూ చూస్తుండగా. తాళం లాక్కున్నాను.

ట్యాక్సీలో మాట్లాడలేదు. హోటల్ గదికి చేరాక ఒక గ్లాసుడు మంచినీళ్ళిచ్చాను. వాడు దాన్ని దీపానికి ఎదురుగా పట్టి చూశాడు. రెండుసార్లు తిప్పాడు. వాసన చూశాడు. ఒక చుక్క నాలుక మీద వేసుకుని, చాలాసేపు ఆలోచించి, "జిప్సం తక్కువ" అన్నాడు.

లైటు ఆర్పేశాను.