వన్ ప్లస్ వన్ బోర్డుగారికి విన్నపం

మహారాజశ్రీ వన్ ప్లస్ వన్ ఆఫర్ బోర్డుగారి సముఖమునకు,

తిరుపతి పురజనులు నమస్కరించి రాసుకునే లేఖ. ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం. మొన్న బుధవారం తమరి పిజ్జా అంచు కొరికినవాళ్ళ పళ్ళు కూడా క్షేమమే.

ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు ముఖం పెట్టి, ఎర్ర లైట్లు తోరణంగా కట్టుకుని తమరు వెలసినప్పటి నుంచి బుధవారం సాయంత్రమైతే ఇళ్ళల్లో పొయ్యి వెలగడం లేదు. మూడొందల టికెట్టు కొనుక్కుని మరీ క్యూలో నిలబడే అలవాటున్న ఊరు. తమరి ముందు ముప్పావు గంట నిలబడటానికి మాకేం చిన్నతనం? కాకపోతే కొండమీద క్యూ చివర ఉచితంగా ఇచ్చే చిన్న లడ్డూకు నక్షత్రం గుర్తుండదు. బుధవారం ఒక పిజ్జా కొంటే ఇంకొకటి ఇస్తామనే తమరి ‘ఉచితం’ పక్కన ఉంటుంది. దాని వివరం కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, చదవాలంటే రోడ్డు మీద బండి ఆపాలి.

ముందు తమరి లెక్క చూద్దాం. ఆఫర్ ఎప్పుడూ 7 అంగుళాల చిన్న పిజ్జా మీదే ఉంటుంది, 10 అంగుళాల మీడియం మీద ఉండదు. ఎందుకో బడిలో చదువుకున్న వృత్త వైశాల్యం చెప్పేస్తుంది. 7 అంగుళాల పిజ్జా 38.5 చదరపు అంగుళాలు, రెండు కలిపితే 77. మీడియం ఒక్కటే 78.5. అంటే రెండు చేతులా దానం చేశాక కూడా తమరిచ్చింది ఒక మీడియం కంటే ఒకటిన్నర తక్కువే. ఇంకా ఉంది. చుట్టూ అంగుళం అంచు వదిలేస్తే చిన్నదాంట్లో సరుకు పడే చోటు 19.6, రెండింటికీ కలిపి 39. మీడియంలో 50. చిన్న పిజ్జాలో సగం అంచే. ఇంతకీ మాకు ఉచితంగా దక్కిందేమిటయ్యా అంటే, అంచు.

బుధవారం సర్వర్ తెచ్చే మెనూ కార్డు కూడా వేరు. మామూలు రోజు 190 ఉన్న పిజ్జా అందులో 320 అయి కూర్చుంటే, ఉచితమన్నదానికి మనం 130 కట్టినట్టు. రెండు కార్డులూ ఒక బల్ల మీద కలవకుండా చూసుకునే జాగ్రత్త ఏదైతే ఉందో, దాంట్లో సగం పిండి మీద పెట్టినా మాకు ఈ ఉత్తరం రాసే పని తప్పేది.

పిండి సంగతే అసలు సంగతి. చిన్న పిజ్జాకు 120, 130 గ్రాముల ముద్ద కావాలి. ముందురోజు కలిపి ఫ్రిజ్‌లో పెడతారు, అది మంచి పద్ధతే, నిదానంగా పులిస్తేనే రుచి. వాడే ముందు మాత్రం బయటపెట్టి చలి వదలనివ్వాలి. చలికాలంలో రెండు గంటలు, మన మే నెల ఎండకు గంట చాలు, అంతకు మించితే పొంగి చతికిలపడుతుంది. ఇక బుధవారం చూడండి. బయట తీసి పెట్టిన ముద్దలు ఎనిమిదింటికే అయిపోతాయి. వెనకాల క్యూ లీలామహల్ సర్కిల్ దాకా ఉన్నట్టు కేకలు. వంటింటి కుర్రాడేం చేస్తాడు పాపం, ఫ్రిజ్‌లోంచి తీసిందాన్ని తీసినట్టే పీట మీద వేస్తాడు. చల్లటి పిండి సాగదు. లాగితే రబ్బరులా వెనక్కి ముడుచుకుంటుంది. దాంతో అప్పడాల కర్ర తీస్తాడు. రాత్రంతా పులిసి లోపల పోగైన గాలి ఒక్క దెబ్బకు బయటికి పోతుంది. అంచు పొంగాల్సిన చోట అప్పడమై, నడుమ చపాతీయై వచ్చేది అందుకే. ఆ అంచును ‘క్రిస్పీ క్రస్ట్’ అని పిలిచిన మహానుభావుడికి దండం పెట్టాలి.

ఇక ఓవెన్. ఇటలీలోని నేపుల్స్‌లో కట్టెల పొయ్యి 430, 480 డిగ్రీల మధ్య మండుతుంది, పిజ్జా నిమిషం, నిమిషంన్నరలో అయిపోతుంది. ఆ పనితనాన్ని 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మన దగ్గరవి కరెంటువో గ్యాసువో, 250, 300 డిగ్రీల్లో ఆరేడు నిమిషాలు తీసుకుంటాయి. దాంట్లో తప్పేం లేదు, అలా కూడా మంచి పిజ్జా వస్తుంది. ఓవెన్‌లో అడుగున రాయి ఉంటుంది, అది వేడిగా ఉంటే చాలు. దోసె పెనం ఆరిపోయాక పిండి పోస్తే తెల్లగా అతుక్కుంటుందని బాలాజీ కాలనీ టిఫిన్ బండి అన్నకు ఎవరూ నేర్పక్కర్లేదు. అదే రాయి మీద ఒకటి తీసీ తీయకముందే ఇంకొకటి, నిమిషానికోసారి తలుపు తెరవడం. రాయి వేడి పుంజుకునే తీరికెక్కడిది? పైన గాలి వేడిగానే ఉంటుంది కాబట్టి చీజ్ ఎర్రబడుతుంది, ‘అయిపోయింది’ అనుకుని తీసేస్తారు. అడుగు మాత్రం పెళ్ళిచూపులకు పౌడరు పూసుకున్న మొహంలా ఉంటుంది.

బల్ల మీదికి రాగానే ఫోటో తీసుకోండి, తప్పులేదు. తర్వాత ముక్క తిరగేసి అడుగు చూడండి. గోధుమరంగు మచ్చలుండాలి. తెల్లగా ఉంటే మొహమాటపడకుండా ‘రెండు నిమిషాలు రాయి మీద పెట్టి తీసుకురా అన్నా’ అని వెనక్కి పంపండి. ముక్క కొన కిందికి వాలిపోయి, నడుమ తడి పిండి గీత కనిపిస్తే దానికి కారణం సరుకు. క్యాప్సికం, టమోటా, పుట్టగొడుగు, పచ్చి ఎర్రగడ్డలు అన్నీ ఒకేసారి కుప్పగా పోస్తే ఆరు నిమిషాల్లో ఊరే నీరంతా పిండిలోకే ఇంకుతుంది. ‘లోడెడ్’ అంటే నీళ్ళ లారీ అన్నమాట. కూరగాయలు సగం వేయమని అడిగినవాడు పిసినారి కాదు, తెలిసినవాడు.

చీజ్ గురించి వివరంగా రాస్తే తమరి లైట్లు ఆరిపోతాయేమోనని భయం. 7 అంగుళాలకు 50, 60 గ్రాముల మోజరెల్లా చీజ్ పడాలి. రెండో పిజ్జా ఊరికే ఇవ్వాలంటే ఈ ఖర్చే ముందు గుర్తొస్తుంది. అప్పుడు పామాయిలు, పిండి పదార్థం కలిపి చీజ్ వేషం వేసిన సరుకు తోడవుతుంది. పాలది కానిదాన్ని చీజ్ అని పిలవకూడదని ఆహార భద్రత నిబంధనలున్నాయి. అందుకేనేమో కొన్ని కార్డుల్లో ‘చీజ్’ ఉండదు, ‘చీజీ’ ఉంటుంది. ఒక్క గుడిదీర్ఘంతో గేదె తప్పుకుంది! నోట్లో పెట్టుకున్నాక అంగిలికి నూనె పూత పట్టేస్తే అనుమానించండి. రుజువు కావాలంటే ప్యాకెట్ చూపించమనండి, దినుసుల పట్టీలో నూనె పేరు దాక్కోలేదు.

కొండ దిగి గుండుతో, ఆకలితో నేరుగా తమరి దర్శనానికి వచ్చే భక్తులదో ప్రత్యేక అధ్యాయం. దీక్షలో ఉన్నామంటూ ఎర్రగడ్డ, తెల్లగడ్డ వద్దంటారు. ‘అట్లనే సార్’ అని సర్వర్ రాసుకుంటాడు. పైన చల్లే ఎర్రగడ్డ ముక్కలు ఆపుతాడు కూడా. కింద పూసే సాస్ డబ్బాలోంచి వస్తుంది, అందులో తెల్లగడ్డ ముందే కలిసి ఉంటుంది. మదనపల్లె టమోటా మార్కెట్ ఉన్న నేల మీద డబ్బా సాస్ ఎందుకని అడిగితే అది ఇంకో ఉత్తరం. దీక్షలో ఉన్నవాళ్ళు ‘సాస్ వేయకుండా’ అని విడిగా చెప్పుకోవాలి, లేదా దోసె తినాలి.

చివరిగా బిల్లు. ఉచిత పిజ్జా ఉచితమే, దానికి అదనంగా వేసుకునేవి కాదు. ‘చీజ్ బరస్టు ఏస్కోండన్నా, తొంభై రూపాయలే’ అన్నాడంటే రెండింటికీ కలిపి నూట ఎనభై. దానికి 5 శాతం జీఎస్టీ, అది ప్రభుత్వానిది, కట్టాల్సిందే. కింద ‘సర్వీస్ చార్జి’ అని ఇంకో గీత కనిపిస్తే అది పన్ను కాదు. అడక్కుండా బిల్లులో కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మాట నిలబెట్టింది. ‘తీసేయ్ అప్పా’ అంటే తీసేయాలి. టిప్పు ఇవ్వాలనిపిస్తే ఆ చల్లటి పిండితో కుస్తీ పట్టిన కుర్రాడి చేతిలో పెట్టండి.

ఒకే ఒక్క కోరిక. రెండు పిజ్జాలూ ఒకేసారి తెచ్చి పెట్టవద్దని తమరి వంటింటికి చెప్పండి. మొదటిది తినేలోపు రెండోది చల్లారి, చీజ్ తోలై, కోసిన గీతలు మళ్ళీ కలిసిపోతున్నాయి. పది నిమిషాలు ఆగి రెండోది వేస్తే రాయికి కూడా ఊపిరాడుతుంది.

ఇట్లు,
టేబుల్ నంబర్ 7, ఒక కాలు ఊగే బల్ల తరఫున,
తిరుపతి పురజనులు

తా.క.: మిగిలిన ముక్కలకు అట్టపెట్టె ఇచ్చి పదిహేను రూపాయలు రాశారు, సంతోషం. పెట్టె మూత అప్పుడే మూయకండి, ఆవిరికి అడుగు నానిపోతుంది. మర్నాడు మైక్రోవేవ్ జోలికి పోకుండా దోసె పెనం సన్నటి సెగ మీద పెట్టి, ముక్క వేసి, పక్కన నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించి మూత పెడితే నాలుగైదు నిమిషాల్లో పైన కరుగుతుంది, అడుగు కరకరలాడుతుంది. బుధవారం రాత్రి తమరి ఓవెన్ చేయలేని పని గురువారం పొద్దున మా పెనం చేస్తోంది. ఆ పదిహేను రూపాయలు ఎవరు ఎవరికి ఇవ్వాలో తేల్చి జవాబు రాయగలరు.