పతకాల లెక్కతో ఆటల ఎంపికా?

2030 అహ్మదాబాద్ కామన్వెల్త్ క్రీడల్లో ఏ ఆటలుండాలన్న చర్చ మొదలైంది. అది సాగుతున్న తీరే అభ్యంతరకరంగా ఉంది. ఏ ఆట పెడితే మనకెన్ని పతకాలు వస్తాయన్న లెక్క తప్ప మరో మాట వినబడటం లేదు. ఆ ఆటను ఎన్ని దేశాలు ఆడుతున్నాయి, మన ఊళ్లలో ఎవరు ఆడుతున్నారు, పోటీలు ముగిశాక అది నిలుస్తుందా అన్నవి ఎవరికీ పట్టడం లేదు. 2026 క్రీడల ఆతిథ్య నగరం గ్లాస్గో మన ఆటలకు కోత పెట్టినప్పుడు అన్యాయమని గొంతు చించుకున్నవాళ్లే, పెన్ను తమ చేతికి రాగానే అదే పద్ధతికి దిగుతున్నారు. ఎదుటివాడు చేస్తే అన్యాయం, మనం చేస్తే హక్కు అనే ఈ రెండు నాలుకల ధోరణి దేశానికి గౌరవం తెచ్చేది కాదు.

గ్లాస్గో విషయం పాఠకులకు తెలిసిందే. ఖర్చు భరించలేమని ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2023 జులైలో తప్పుకోవడంతో, 2026 జులై 23 నుంచి ఆగస్టు 2 వరకు జరిగే క్రీడలను గ్లాస్గో తన భుజానికెత్తుకుంది. పది ఆటలతో, నాలుగు వేదికలతో సరిపెట్టింది. రెజ్లింగ్, టేబుల్ టెన్నిస్, బ్యాడ్మింటన్, హాకీ, స్క్వాష్, క్రికెట్ పోయాయి. 2022 బర్మింగ్‌హామ్‌లో మనకు వచ్చిన 61 పతకాల్లో 30, 22 స్వర్ణాల్లో 13 ఈ ఆరింటిలోనివే. అంటే దాదాపు సగం పంట ఒక్క నిర్ణయంతో తుడిచిపెట్టుకుపోయింది. షూటింగ్ సంగతి అంతకు ముందే తేలిపోయింది. 1966 నుంచి ఒక్క 1970లో తప్ప ప్రతిసారీ ఉన్న ఆటను బర్మింగ్‌హామ్ తీసేసింది. 2018 గోల్డ్‌కోస్ట్‌లో షూటింగ్ ఒక్కదాంట్లోనే మనవాళ్లు 7 స్వర్ణాలు సహా 16 పతకాలు తెచ్చారు. ఆ కోపంతో 2019లో భారత ఒలింపిక్ సంఘం బహిష్కరణ మాట కూడా ఎత్తి, ఏడాది చివర్లో వెనక్కి తగ్గింది. అప్పుడు మనం ఏమన్నాం? ఆతిథ్య నగరం తన సౌకర్యం చూసుకుని ఆటల తలరాత రాయకూడదన్నాం. ఆ మాట అప్పుడు సరైనదే. ఇప్పుడూ సరైనదే.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి చూస్తే ఆ కోత ఇంకా నొప్పిగా కనిపిస్తుంది. 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ‘ఆడుదాం ఆంధ్రా’ పేరుతో గ్రామ సచివాలయ స్థాయి నుంచి పోటీలు పెట్టినప్పుడు ఎంచుకున్న ఆటలు ఐదు: క్రికెట్, వాలీబాల్, బ్యాడ్మింటన్, కబడ్డీ, ఖోఖో. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ సాయంత్రం గ్రౌండ్‌కు వచ్చే పిల్లలు ఆడేవి దాదాపుగా అవే. ఈ ఐదింటిలో ఒక్కటి కూడా గ్లాస్గోలో లేదు. అక్కడున్న నెట్‌బాల్, లాన్ బౌల్స్, ట్రాక్ సైక్లింగ్‌లను మన జడ్పీ హైస్కూలు పిల్లలు టీవీలో చూడాల్సిందే.

అహ్మదాబాద్‌లో 15 నుంచి 17 ఆటలుంటాయి. అథ్లెటిక్స్, ఈత, టేబుల్ టెన్నిస్, లాన్ బౌల్స్, వెయిట్‌లిఫ్టింగ్, జిమ్నాస్టిక్స్, నెట్‌బాల్, బాక్సింగ్ ఖరారయ్యాయి. మిగిలిన జాబితాలో హాకీ, రెజ్లింగ్, షూటింగ్, బ్యాడ్మింటన్, విలువిద్య, క్రికెట్ వంటివి వరసలో ఉన్నాయి. వీటికి తోడు రెండు కొత్త ఆటలనో సంప్రదాయ ఆటలనో ప్రతిపాదించే వెసులుబాటు ఆతిథ్య దేశానికి ఉంది. ఇంటికి వచ్చిన పండుగలో ఇంటి ఆటకు చోటుండాలని, ఏ దేశమైనా ఇదే చేస్తుందని వాదించేవాళ్లున్నారు. ఆ కోరికలో తప్పులేదు. కబడ్డీకి చోటు దక్కాలనే ఈ పత్రికా కోరుకుంటోంది. కానీ ఏ దేశమైనా చేసేదే మనమూ చేస్తే, నిన్నటి దాకా మనం చేసిన ఫిర్యాదుకు అర్థమే లేదు.

మనం చేయలేదా అంటే, ఇదివరకే చేశాం. 2010 ఢిల్లీ క్రీడల్లో విలువిద్య ఉంది, టెన్నిస్ ఉంది, గ్రీకో రోమన్ కుస్తీ ఉంది. విలువిద్యలో 3 స్వర్ణాలు సహా 8 పతకాలు, గ్రీకో రోమన్‌లో 4 స్వర్ణాలు, టెన్నిస్ సింగిల్స్‌లో స్వర్ణం వచ్చాయి. మొత్తం 101 పతకాలతో, 38 స్వర్ణాలతో దేశం పండుగ చేసుకుంది. నాలుగేళ్లు తిరిగేసరికి, 2014 క్రీడల్లో, గ్లాస్గో ఆ మూడింటినీ పక్కన పెట్టింది. మన స్వర్ణాలు 15కు పడిపోయాయి. ఆ మూడూ నేటికీ కామన్వెల్త్ క్రీడల్లోకి తిరిగి రాలేదు. ఢిల్లీలో విల్లు పట్టిన అమ్మాయిలను చూసి ఆ ఆటలోకి వచ్చిన పిల్లలకు తర్వాత నాలుగు క్రీడల్లో తలుపు మూసే ఉంది. ఆతిథ్య దేశం బలం మీద లోపలికొచ్చిన ఆట, ఆతిథ్యం ముగియగానే బయటికి పోతుంది. ఒలింపిక్స్‌లోనూ అంతే. టోక్యోలో చేరిన కరాటే పారిస్‌లో లేదు. పారిస్‌లో పెట్టిన బ్రేకింగ్ నృత్యం లాస్ ఏంజెలెస్‌లో లేదు. 2028లో చేరుతున్న క్రికెట్‌కూ 2032లో చోటుండాలంటే ఆతిథ్య దేశం దయ చూడాల్సిందే.

ఇక కబడ్డీ విషయానికి వద్దాం. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో మహారాష్ట్రలోని అమరావతి నుంచి వెళ్లిన హనుమాన్ వ్యాయామ్ ప్రసారక్ మండల్ బృందం ప్రదర్శించిన ఆట ఇది. 1990 నుంచి ఆసియా క్రీడల్లో ఉంది, 2010 నుంచి మహిళల పోటీ కూడా ఉంది. అర్హత గురించి అనుమానం లేదు. అనుమానమల్లా మన ఉద్దేశం మీదే. అంతర్జాతీయ కబడ్డీలో మనకు ఎదురు నిలిచిన జట్టు ఏది? ఇరాన్. 2018 జకార్తాలో మన పురుషులను సెమీఫైనల్లో, మహిళలను ఫైనల్లో ఓడించింది ఇరానే. ఇరాన్ కామన్వెల్త్ దేశం కాదు. మరో గట్టి జట్టు దక్షిణ కొరియా కూడా కాదు. ఖోఖో సంగతీ ఇంతే. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన ప్రపంచ కప్‌లో పురుషుల ఫైనల్లోనూ మహిళల ఫైనల్లోనూ మన ప్రత్యర్థి నేపాల్. నేపాలూ కామన్వెల్త్‌లో లేదు. గట్టి ప్రత్యర్థి రాలేని బరిని చూసి, అక్కడే మన ఆట పెట్టాలని పట్టుబడితే దాన్ని ఆటమీద ప్రేమ అంటారా? పతకాల కోసం షూటింగ్ తీశారని బర్మింగ్‌హామ్‌ను తిట్టలేదు మనం, సౌకర్యం కోసం తీశారని తిట్టాం. మనమేమో పతకాల కోసమే పెడతామంటున్నాం. ఇది అంతకంటే చిన్న బుద్ధి.

కాబట్టి కబడ్డీని ప్రతిపాదించే ముందు మన ఇల్లు మనం సర్దుకోవాలి. మొదటిది నిబంధనలు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల పురుషుల ఫైనల్ ఇరాన్‌తో చివరి నిమిషాల్లో దాదాపు గంటసేపు ఆగిపోయింది. కూతకు వెళ్లిన మన ఆటగాడు ఎవరినీ తాకకుండా లాబీలోకి, అంటే కోర్టు పక్క పట్టీలోకి, అడుగు పెట్టాడు, వెంబడించిన డిఫెండర్లూ లాబీలోకి వచ్చారు. వాళ్లందరూ అవుటా, కూత ఆటగాడొక్కడే అవుటా అన్నది తేలలేదు. ఒక నిబంధనల పుస్తకం ఒకటి చెబుతుంది, లీగ్ పోటీలు మరొకటి పాటిస్తాయి. ఫైనల్ 33-29తో మనదే అయినా, ఆట పరువు ఆ గంటలో పోయింది. పైగా దేశంలో కబడ్డీ సమాఖ్య పాలన ఏళ్ల తరబడి కోర్టు నియమించిన అడ్మినిస్ట్రేటర్ చేతిలో నడిచింది. ఇంట్లో ఒకే పుస్తకం లేనివాళ్లు ప్రపంచానికి ఏ పుస్తకం ఇస్తారు?

రెండోది, అసలైనది, నేల. సంక్రాంతి వచ్చిందంటే నెల్లూరు, ప్రకాశం ఊళ్లలో కబడ్డీ పోటీలు పెట్టనివాళ్లు తక్కువ. మరి ఆ కోర్టులు ఎలా ఉంటున్నాయో ఎవరైనా దగ్గరగా చూశారా? కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు నల్లరేగడి, ఎండితే బీటలు, తడిస్తే జారుడు. మైపాడు, కొత్తపట్నం వైపు ఇసుక, పాదం దిగబడి వేగం చచ్చిపోతుంది. ఉదయగిరి, కనిగిరి వైపు గులకరాళ్లు, పట్టు పడితే మోచేతులు, మోకాళ్లు చీరుకుపోతాయి. మంచి మట్టి కోర్టుకు పెద్ద ఖర్చేం లేదు. అడుగు లోతు తవ్వి రాళ్లు ఏరేసి, జల్లెడ పట్టిన ఎర్రమట్టిలో సన్న ఇసుక, రంపపు పొట్టు కలిపి పరచాలి. ముందురోజు సాయంత్రం సమంగా నీళ్లు చల్లి, తెల్లారాక రోలర్ తిప్పాలి. పొద్దున నీళ్లు పెట్టి మధ్యాహ్నం ఆడిస్తే పైపొర పాదాలకు అంటుకుని ఊడొస్తుంది. గీతలకు సున్నం వాడకూడదు, పట్టులో ముఖం నేలకు తగిలితే కళ్లు మండిపోతాయి. ముగ్గుపిండి చాలు. ఈ మాత్రం చేసే ఓపిక కూడా చాలాచోట్ల కనబడదు. నిన్నటిదాకా ట్రాక్టర్లు తిరిగిన ఖాళీ స్థలంలో తాడు పట్టుకుని గీతలు గీసి, ఫ్లడ్‌లైట్లు పెట్టి ఆట మొదలుపెట్టేస్తారు.

అంతర్జాతీయ పోటీ జరిగేది మట్టి మీద కాదు, మ్యాట్ మీద. ఒకదానికొకటి కొక్కేల్లా బిగించే నురుగు రబ్బరు పలకలు అవి. మన పిల్లవాడు ఉత్త పాదాలతో, కాలివేళ్లు మట్టిలో గుచ్చి దిశ మార్చడం నేర్చుకుంటాడు. మట్టి కొంచెం జారి ఆ విసురును తీసుకుంటుంది. మ్యాట్ మీద బూటు అతుక్కుపోతుంది. కాలు అక్కడే ఆగుతుంది, ఒళ్లు తిరిగిపోతుంది, మోకాలి లిగమెంట్ తెగుతుంది. జిల్లా జట్టుకు ఎంపికై, రాష్ట్ర శిబిరంలో మొదటిసారి బూట్లు కట్టి మ్యాట్ ఎక్కే పిల్లలకు జరిగే ప్రమాదం ఇది. తప్పు పిల్లలది కాదు, పద్నాలుగేళ్ల వయసులోనే మ్యాట్ అలవాటు చేయని మనది. మ్యాట్ కొనిపెట్టినచోట కూడా దాన్ని ఎగుడుదిగుడు నేలమీద పరుస్తున్నారు. రెండు పోటీలయ్యేసరికి కొక్కేలు విరిగి సందులు తెరుచుకుంటాయి, అందులో కాలివేలు ఇరుక్కుంటుంది. మన ఎండల్లో పైకప్పు లేకుండా మ్యాట్ వేస్తే మధ్యాహ్నానికి కాలు పెట్టలేం. చెమట పడ్డచోట వెంటనే తుడిచే మనిషి లేకపోతే మ్యాట్ మట్టికంటే ప్రమాదం. మ్యాట్‌కు చదునైన సిమెంటు నేల కావాలి, పైన రేకుల షెడ్డు కావాలి, తడి తుడిచేవాళ్లు ఇద్దరు కావాలి. ఆట నడపడానికి ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరర్, ఇద్దరు సహాయ స్కోరర్లు ఉండాలి. మన ఊరి పోటీల్లో ఇంతమందిని చూశామా? ఒక్క విజిల్‌తో, 30 సెకన్ల కూతకు గడియారం కూడా లేకుండా ఫైనళ్లు నడిచిపోతున్నాయి.

ఇంత లోటు ఇంట్లో పెట్టుకుని, అహ్మదాబాద్‌లో మాత్రం కబడ్డీ మా ప్రాణమని చెప్పుకుంటామంటే కుదరదు. మనమే ఆడించని ఆటను ఎదుటి దేశాలు ఎందుకు ఆడాలి? ప్రతిపాదన పెడితే షరతులతో పెట్టాలి. పురుషులతో సమానంగా మహిళల పోటీ ఉండాలి. ఒక్కో విభాగంలో కనీసం ఎనిమిది జట్లు రావాలి. జట్టుకు 12 మంది చొప్పున మొత్తం 192 మంది ఆటగాళ్లవుతారు. ఒక ఇండోర్ హాలు, రెండు మ్యాట్లు సరిపోతాయి, ఇంత తక్కువ ఖర్చుతో జరిగే జట్టు ఆట మరొకటి దొరకదు. కెన్యా, ఇంగ్లండ్, బంగ్లాదేశ్, శ్రీలంక జట్లకు ఇప్పటి నుంచే కోచ్‌లను, మ్యాట్లను పంపాలి. ఎదుటివాళ్లను బలపరచడానికి ఇష్టపడకపోతే మనకు కావాల్సింది ఆట కాదని తేలిపోతుంది.

షూటింగ్, రెజ్లింగ్, హాకీ తిరిగి రావాలి, అందులో రెండో మాట లేదు. కానీ అవి మనకు పతకాలిస్తాయని కాక, కామన్వెల్త్‌లో నలుమూలలా ఆడతారని అడగాలి. అలాగే మనకు పతకం రాని నెట్‌బాల్, రగ్బీ సెవెన్స్ వంటి వాటికీ పసిఫిక్ దీవులను, ఆఫ్రికా దేశాలను తలుచుకుని మద్దతివ్వాలి. వాళ్లకది మన కబడ్డీతో సమానం. ఫిజీ ఆటను పతకాల లెక్క చూసి తీసేసి, మన ఆటను సంస్కృతి పేరు చెప్పి పెడితే, 2034కు ఆతిథ్యమిచ్చే దేశం మనకూ అదే పాఠం చెబుతుంది. అప్పుడు ఫిర్యాదు చేయడానికి మనకు నోరుండదు.

గ్లాస్గోకు అధికారులు, ప్రతినిధులు పరిశీలన పేరుతో వెళ్లే ఆలోచనలుంటే, వాళ్లు చూసి రావాల్సింది ప్రారంభోత్సవం కాదు. కొత్త స్టేడియం ఒక్కటీ కట్టకుండా, ఉన్న నాలుగు వేదికలతో, పదమూడు కిలోమీటర్ల పరిధిలో అంత పెద్ద పోటీని ఎలా నడుపుతున్నారో చూడాలి. పారా అథ్లెట్ల పోటీలను విడిగా కాక అదే కార్యక్రమంలో ఎలా కలిపారో, స్కోరు వివాదాన్ని ఎన్ని నిమిషాల్లో తేలుస్తున్నారో రాసుకుని రావాలి. తిరిగొచ్చాక ఆ నివేదికను జిల్లా క్రీడా కార్యాలయాల్లో అందరికీ అందుబాటులో పెట్టాలి. లేదంటే ప్రజల సొమ్ముతో ఆ ప్రయాణం దండగ.

సంక్రాంతి పోటీలకు ముఖ్య అతిథులుగా వచ్చి, టాస్ వేసి, ఫొటో దిగి, కబడ్డీ మన జాతి ఆట అని మైకులో చెప్పి వెళ్లిపోయే నాయకులు మన రెండు జిల్లాల్లోనూ ఉన్నారు. అహ్మదాబాద్‌లో కబడ్డీ పెట్టాలని గట్టిగా అరుస్తున్నదీ వాళ్లే. వాళ్లను సూటిగా అడుగుతున్నాం. మీ నియోజకవర్గంలో ఆడపిల్లలు రోజూ సాయంత్రం ఆడుకోవడానికి 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పున్న ఒక్క కబడ్డీ కోర్టు, దానిమీద ఒక లైటు, పక్కన తాళం వేయని మరుగుదొడ్డి ఎక్కడున్నాయో చూపించండి. చూపించలేకపోతే అహ్మదాబాద్ పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం మానుకోండి.