బురద బండికి కవచం కాదు బావా

వారం రోజుల్లో ఒకే మెసేజ్ నాకు మూడు గ్రూపుల నుంచి వచ్చింది. చివరిగా పంపింది మా చిత్తూరు బావ. కింద "నువ్వు గంటలకొద్దీ అనవసరంగా కడుగుతావు, ఇది చదువు" అని ఒక చురక కూడా తగిలించాడు.

మెసేజ్‌లో ఉన్నది ఇది. ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే) బండిని ఆఫ్‌రోడ్ తిప్పి తెచ్చాక వెంటనే కడగకండి, బురద ఎండి ఇనుముకు కవచంలా ఉంటుంది, తర్వాత దానంతటదే రాలిపోతుంది. కడగక తప్పకపోతే ఇంజన్ వేడి మీదే ప్రెషర్ నీళ్లు కొట్టించండి, జిడ్డు కరుగుతుంది. తర్వాత అడుగున డీజిల్ గానీ పాత ఇంజన్ ఆయిల్ గానీ స్ప్రే చేయించండి, తుప్పు రాదు. హౌసింగ్ (ఇరుసు మధ్య గేర్లుండే ఇనుప డబ్బా), గేర్‌బాక్స్ సీలు వేసినవి, లోపలికి నీళ్లు పోవు, టెన్షన్ వద్దు. ఇంటికి చేరేదాకా ఫోర్ హైలోనే (నాలుగు చక్రాలూ లాగే గేరులోనే) నడపండి, అన్నీ ఆరిపోతాయి.

ఐదింటిలోనూ చిటికెడు నిజం ఉంది. అందుకే ఇంతమంది నమ్మి పంపుతున్నారు.

ఒక మాట ముందే చెప్పేస్తా. ఆఫ్‌రోడ్ అంటే శేషాచలం అడవిలోకి దూరడమని కొందరి ఉద్దేశం. అది రిజర్వు అడవి, అందులోనే 1989 నుంచి నేషనల్ పార్కు ఉంది. అనుమతి లేకుండా అక్కడ బండి తోలితే కేసు పెడతారు, పెట్టాలి కూడా. నేను మాట్లాడేది మామిడితోటల దారులు, వంకలు, చెరువుల అంచుల గురించి.

ముందు బురద సంగతి. ఎండిన మట్టిని గుడ్డతో రుద్దితే పెయింటు మీద గీతలు పడతాయన్నది నిజమే. అందుకే నీళ్లు పట్టి నానబెట్టి కడగమంటారు. తిరుపతి ఎండకు ఏదైనా గంటలో ఆరుతుందన్న ధైర్యం మనకుంది. ఆ ఎండ బానెట్ మీద పడుతుంది గానీ ఛాసిస్, అంటే బండి అడుగునుండే ఇనుప చట్రం లోపల పడదు కదా! ఛాసిస్ దూలాలు లోపల బోలుగా ఉంటాయి. నీళ్లు కారిపోవడానికి వాటికి అక్కడక్కడ రంధ్రాలుంటాయి. బురద ఆ రంధ్రాల్ని పూడ్చేస్తే లోపల చేరిన మట్టి వారాల తరబడి తడి గోనెసంచిలా ఉంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, ఇక ఆరేదెప్పుడు? తుప్పుకు కావాల్సినవి తేమ, గాలి. ఆ తేమను పట్టుకుని కూర్చునేదే ఈ కవచం. పైపు మూతిని ఆ రంధ్రంలోకి పెట్టి, రెండో వైపు తేట నీళ్లు వచ్చేదాకా వదలాలి. నాకు ఒక్కోసారి దీనికే అరగంట పడుతుంది. బావ లెక్కపెట్టే గంటల్లో ఎక్కువ భాగం ఇదే.

ఇక దానంతటదే రాలిపోవడం. పోయిన వానాకాలం పాకాల దగ్గర స్నేహితుడి తోటలో బండి ముప్పావు చక్రం దాకా దిగబడింది. బయటికి లాగి, పైపైన కడిగి పెట్టేశాను. రెండు రోజుల తర్వాత చిత్తూరు రోడ్డెక్కి 80 దాటానో లేదో, స్టీరింగ్ వణకడం మొదలైంది. అలైన్‌మెంట్ పోయిందనుకున్నా. పక్కకు ఆపి చక్రం లోపలివైపు చేయి పెడితే, రిమ్ముకు అరచేతంత ఎర్రమట్టి పెళ్ల, ఇటుకలా గట్టిగా. సగం మట్టి మెసేజ్ చెప్పినట్టే రాలిపోయింది. మిగిలిన సగం ఒకవైపే ఉండిపోయింది, వణుకు దానివల్లే. అలైన్‌మెంట్ ఖర్చు లేకుండా స్క్రూడ్రైవర్‌తో తీరిపోయింది.

అన్నిటికన్నా ముందు, తోట గేటు దాటకముందే చూడాల్సింది ఎండుగడ్డి. బోదగడ్డిలో తిరిగితే సైలెన్సర్ పైనా, దాని కవరు సందుల్లోనూ గడ్డి ఇరుక్కుంటుంది. ఇప్పటి బీఎస్ 6 డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టర్, ఆ మసిని కాల్చుకునేటప్పుడు దాదాపు 600 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఎండుగడ్డి అంటుకోవడానికి అందులో సగం చాలు. వంగి టార్చి వేసి గడ్డి లాగేయడం రెండు నిమిషాల పని. చేతికి గ్లవుజు వేసుకోండి.

వేడి ఇంజన్ మీద ప్రెషర్ నీళ్లంటారా, జిడ్డు కరుగుతుంది, ఒప్పుకుంటా. దాంతోపాటు వైరింగ్ కనెక్టర్లలోకి, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లోకి నీళ్లు దూరతాయి. కాలుతున్న లోహం మీద చన్నీళ్లు పడితే పగుళ్లు వచ్చే ప్రమాదమూ ఉంది. రేడియేటర్ రేకులు వెంట్రుకంత పల్చన, గన్ దగ్గరగా పెట్టి కొడితే పడుకుండిపోతాయి, ఇక గాలి ఆడదు. బండి చల్లారాక, మామూలు పైపుతో, వీలైతే ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్లు పట్టాలి. మట్టి ముందు నుంచి దూరింది కాబట్టి వెనక్కి తోస్తేనే వస్తుంది. భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి పాకితే మొదట అనుమానించాల్సింది ఈ మట్టినే.

నాలుగో మాట నాకు అన్నిటికన్నా చేటుగా తోచింది. హౌసింగ్ మూసేసిన డబ్బా అన్నారు. దానికి ఊపిరి తీసుకునే గొట్టం ఉంటుంది, బ్రీదర్ అంటారు. బండి నడిచేకొద్దీ లోపల గాలి వేడెక్కి ఆ గొట్టంలోంచి బయటికి పోతుంది. అదే వేడి హౌసింగ్ చల్లటి వంకలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని బయటినుంచి పీల్చుకుంటుంది. గొట్టం మూతి నీళ్లలో ఉంటే నీళ్లే పీలుస్తుంది. మూతికి బురద అడ్డుపడితే ఆయిల్ సీల్ సందుల్లోంచి లాక్కుంటుంది. థార్‌కు 650 మిల్లీమీటర్ల లోతు దాకా పర్లేదని కంపెనీయే చెప్పింది కదా అంటారు. నిదానంగా దిగి అవతలికి దాటేవాళ్లకు ఆ లెక్క. మనవాళ్లు వంక మధ్యలో ఆపి రీల్స్ తీసుకుంటారు.

చూసుకునే పద్ధతి సులువే. బండిని చదునైన చోట రాత్రంతా కదపకుండా పెట్టండి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు కాబట్టి అడుగుకు చేరతాయి. పొద్దున మొదట పైనున్న ఫిల్లర్ బోల్టు వదులవుతుందో లేదో చూడండి. అది బిగుసుకుపోయి ఉంటే, ఉన్న ఆయిల్ తీసేశాక కొత్తది పోసే దారి ఉండదు. తర్వాత అడుగున ట్రే పెట్టి డ్రెయిన్ బోల్టును ఒక్క చుట్టు మాత్రం తిప్పండి. నాది తిప్పినప్పుడు ముందు నాలుగైదు స్పూన్ల నీళ్లు బొట్లుబొట్లుగా జారాయి. వెనకే పాలు ఎక్కువైన టీ రంగులో ఆయిల్. నేను షెడ్డుకు తీసుకెళ్లిన సీసా చూసి మా మెకానిక్ "ఇది ఆయిల్ కాదు సామీ, మజ్జిగ. ఇంకో నెల తిరిగుంటే బేరింగులు గోవిందా!" అన్నాడు. ఆ రంగు కనిపిస్తే మారు ఆలోచన లేకుండా మార్చేయాలి. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) ఆయిల్ కూడా అదే చేత్తో చూడాలి.

డీజిల్ స్ప్రే విషయంలో నాకు స్వయంగా చేదు అనుభవం ఉంది. ఒక వాటర్ సర్వీసులో కుర్రాడు అడక్కుండానే అడుగంతా కొట్టేశాడు, పైగా "ఫ్రీ అన్నా" అన్నాడు. నూనె పొర తుప్పును కొన్నాళ్లు ఆపుతుంది, కాదనను. అయితే సస్పెన్షన్ బుష్‌లు, బూట్లు రబ్బరువి. డీజిల్ తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. బ్రేక్ డిస్కు మీద పడితే ప్యాడ్లు సరిగ్గా పట్టవు. పాత ఇంజన్ ఆయిల్ ఇంకా అన్యాయం, అందులో ఇనుప పొడి, ఆమ్లాలు ఉంటాయి, కారిందంతా మన వాకిట్లోనే. నెల తిరిగేసరికి నా బండి అడుగు దుమ్ము పట్టి తారు పూసినట్టయింది. దాంతో ముందు చక్రం దగ్గర సీవీ బూటు (చక్రాన్ని తిప్పే జాయింటుకు గ్రీజు కారకుండా తొడిగే రబ్బరు తొడుగు) చీలిన సంగతి నాకు కనబడనే లేదు. శుభ్రంగా ఉండుంటే, చక్రం లోపలివైపు గ్రీజు చిమ్మిన గీతలు చూసి మొదటి రోజే పట్టుకునేవాణ్ని. బూటుతో పోయేది ఇసుక దూరి జాయింటే పోయింది. తుప్పు భయం ఉంటే, బాగా ఆరిన అడుగుకు అందుకోసమే అమ్మే మైనం లాంటి కోటింగ్ వేయించండి.

ఫోర్ హై గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. థార్, జిమ్నీ లాంటి బండ్లలో ఫోర్ హై వేస్తే ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో ముడిపడతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. ఇసుకలో అయితే ఆ తేడా జారుడులో సరిపోతుంది, ఆరిన తారు మీద సరిపోదు. గేర్లు మెలిపడి లివర్ బిగుసుకుంటుంది. తోట దాటగానే టూ హైకి (రెండు చక్రాలే లాగే గేరుకు) మార్చి, తడిసిన బ్రేకులు ఆరడానికి రెండు మూడుసార్లు మెల్లగా తొక్కితే సరి. ఇసుక కోసం టైర్లలో గాలి తగ్గించి ఉంటే తారెక్కే ముందే మళ్లీ పట్టించుకోండి.

ఇంకోటి, మెసేజ్‌లో లేనిది. ఒక తోటలో అంటిన బురదతో ఇంకో తోటలోకి పోకండి. వయ్యారిభామ గింజలు అందులోనే ప్రయాణం చేస్తాయి. మా స్నేహితుడి గేటు పక్కన మొలిచిన గుబురుకు నేనే కారణమని వాడి అనుమానం, నాకూ అదే అనుమానం.

ఇదంతా బావకు ఫోన్లో చెప్పాను. కాసేపు పలకలేదు. తర్వాత "మొన్న ఆదివారం వంకలో ఆపి ఫోటో దిగాం రా, నీళ్లు డోరు దాకా వచ్చినాయి" అన్నాడు. రేపు రాత్రికి బండి మా ఇంటి ముందు పెట్టిపోతాడు. ట్రే కడిగి పెట్టాను.