ఈఈఈ చదివిన కొడుకు

డల్లాస్ దగ్గర మేం కొన్న ఇంట్లో, లాండ్రీ గది గోడకి ఒక నల్ల సాకెట్ ఉండేది. కళ్ళలా రెండు నిలువు గీతలు, వంకర ముక్కు, గుండ్రంగా తెరిచిన నోరు. బట్టలారబెట్టే కరెంటు డ్రయర్ కోసం పెట్టింది. మాది గ్యాసు డ్రయర్, దానికి మామూలు ప్లగ్గు చాలు. అందుకని ఆరేళ్ళుగా ఆ ముఖం మమ్మల్ని ఊరికే చూస్తూ ఉండిపోయింది.

తెనాలి నుంచి అమ్మ వచ్చింది.

"వంటింట్లో మిక్సీ వేస్తే పసిది లేస్తుందిరా. ఈ గదిలో నాకు రెండు ప్లగ్గులు పెట్టించు."

ఎలక్ట్రీషియన్ ఫోన్లోనే 300 డాలర్లన్నాడు. అమ్మ దాన్ని రూపాయల్లోకి మార్చుకుని కుర్చీలో కూలబడింది. "ఈఈఈ అంటూ కరెంటు చదువే చదివావు కదరా?"

చదివాను. కానీ చివరిసారి వైరు ముట్టుకున్నది కాలేజీ ల్యాబ్ పరీక్షలో, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఎదుట, వణుకుతూ. ఆ తర్వాత ఇరవై ఏళ్ళుగా జావా ప్రోగ్రామింగే. ఆ సంగతి తల్లితో చెప్పుకోలేం కదా!

శనివారం స్క్రూడ్రైవర్ పట్టుకుని పాఠం మొదలెట్టాను. "చూడమ్మా, ఇక్కడ ఇళ్ళల్లో కరెంటు 120 వోల్టులు. ఈ నలుపు వైరులో 120, ఎరుపులో 120. రెండూ కలిస్తే డ్రయర్‌కి 240, మన దేశంలోలాగే. తెల్లది న్యూట్రల్, ఈ రాగి తీగ ఎర్త్."

"మన కరెంటే అయితే మంచిదేగా? మార్చడం ఎందుకు?"

"నీకు తెలీదులేమ్మా."

ఇంటి బ్రేకర్లన్నీ ఉండే ప్యానెల్ మూత తీశాక తెలిసింది, మెయిన్ ఆపినా మీటరు నుంచి వచ్చే లావు తీగల్లో కరెంటు ఉంటూనే ఉంటుందని. నాకు ఆంజనేయ దండకం సగమే వచ్చు. ఆ సగమే రెండుసార్లు చదివాను. కరెంటు మోతాదు మించితే ఆపేసే 30 ఆంపుల జంట బ్రేకర్ పీకి, 20 ఆంపుల ఒంటి బ్రేకర్ పెట్టాను. 30 మీద మామూలు సాకెట్లు పెట్టకూడదు. అవి మాడిపోతున్నా బ్రేకర్ పడదు.

అసలు యుద్ధం గోడ దగ్గర. డ్రయర్‌కి వేసేది 10 గేజి తీగ, అచ్చం మనం బట్టలారేసే జీఐ వైరులా ఉంటుంది. వంచితే వంగదు, వంగితే నిలవదు. కొత్త సాకెట్‌లో పట్టదు కాబట్టి దాని చివర సన్నటి ముక్కలు అతికించి, ఇక పనిలేని ఎరుపు తీగ చివర టోపీ పెట్టి మూల కూర్చోబెట్టి, అన్నిటినీ పెట్టెలోకి తోశాను. అన్నీ బయటికొచ్చాయి. మళ్ళీ తోశాను. తడి ఉంటే షాక్ కొట్టకుండా ఆపే జీఎఫ్‌సీఐ సాకెట్ ఒకటి తప్పనిసరి, అదేమో ఇటుకంత లావు. చివరికి మోకాలితో అదిమిపెట్టి స్క్రూ బిగించాను. ఎడమ బొటనవేలి గోరు ఇంకా నల్లగానే ఉంది.

ఆదివారం సాయంత్రానికి నాలుగు ప్లగ్గుల చోటు సిద్ధం. టెస్టర్‌లో పచ్చ లైటు. మా ఆవిడ ఫొటో కూడా తీసింది.

సోమవారం పొద్దున అమ్మ పెసలు నానబోసిన గిన్నెతో వచ్చింది. పక్కనే సూట్‌కేసు. రెండు పాత చీరలు విప్పితే లోపల తెనాలి నుంచి మోసుకొచ్చిన ఆవిడ మిక్సీ. అడుగున చిన్న అక్షరాల్లో 230 వోల్టులు, 750 వాట్లు.

"ఇంట్లో మిక్సీ ఉంది కదమ్మా?"

"మీ గాజు కూజాలో పెసరట్టు పిండి ఏం నలుగుతుందిరా! నువ్వు ప్లగ్గు మార్చే ముక్క ఒకటి తే చాలు."

తెచ్చాను. స్విచ్చి తిప్పింది. మిక్సీ ఒక నిట్టూర్పు విడిచి, పెసల్ని పలకరిస్తూ ప్రదక్షిణం మొదలెట్టింది. ఒక్కో పెసరగింజనీ లెక్కపెట్టుకోవచ్చు.

అమ్మ చెవి దగ్గర పెట్టి విని, తలాడించింది. "ఎండాకాలం సాయంత్రాలు మనింట్లోనూ ఇంతే. ఇక్కడ కూడా లో ఓల్టేజీనా!"

నేను మాట్లాడలేదు.

"ఆ నల్లది ఏదీ? మన కరెంటు వచ్చేదన్నావు?"

కిటికీలోంచి చూశాను. చెత్త బండి మలుపు తిరుగుతోంది.