ట్రంకు రోడ్డు గ్రాండ్‌మాస్టర్లకో వందనం

2025 జులై 28న జార్జియాలోని బటూమిలో కోనేరు హంపి, దివ్య దేశ్‌ముఖ్ మహిళల చదరంగం ప్రపంచకప్ ఫైనల్ టైబ్రేక్ (సమమైతే తేల్చే ఆట) ఆడారు. అదే ఫైనల్‌ని నెల్లూరు ట్రంకు రోడ్డు టీకొట్టు దగ్గర అంతకన్నా బాగా ఆడేశారని సవినయ మనవి. ఫోన్లో బోర్డు పక్కన నిలువు పట్టీ ఒకటుంటుంది. తెలుపు పెరిగితే తెల్లపావులది పైచేయి, నలుపు పెరిగితే నల్లవాటిది. అది చూడ్డం వస్తే చాలు, చదరంగం నేర్చుకోవడం శుద్ధ దండగ.

"ఏందబ్బయ్యా, ఆ మాత్రం ఎత్తు కనపళ్లేదా ఆమెకి?"

ఆమె ముందు పట్టీ లేదు సామీ, గడియారం ఉంది. క్లాసికల్లో, అంటే నిదానంగా సాగే అసలు ఆటలో, 40 ఎత్తులకు 90 నిమిషాలు, ఆపైన మరో 30, ఎత్తుకి 30 సెకన్లు అదనం. ఫైనల్లో అలా ఆడిన రెండు గేములూ డ్రా. టైబ్రేక్‌లో ఆడే వేగం ఆట ర్యాపిడ్‌కొచ్చేసరికి 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లే. నిమిషాలు కరిగిపోయాక ఆ పదిలోనే లెక్కెయ్యాలి, పావు జరపాలి, జరిపిన చేత్తోనే గడియారం నొక్కాలి. తాకిన పావునే ఆడాలి. టీకొట్టులోనైతే ఎత్తు వెనక్కి తీసుకోవచ్చు, ఇంకో టీ కూడా చెప్పొచ్చు.

ఏనుగుకి ఏనుగు, అవతల ఒక్క బంటు మిగిలిందంటే మనవాళ్లకి మరీ తేలిక: "పట్టీలో సున్నా చూపిస్తా ఉండాది, అంటే సమానం, డ్రా!" నిజమే. కాకపోతే ఇవతలి రాజు బంటుకి అడ్డంగా ఉండాలి, ఏనుగు తనవైపు నుంచి మూడో వరుసలో కాపు కాయాలి. బంటు ఆ వరుసలో అడుగుపెట్టగానే ఏనుగు బోర్డు అవతలి అంచుకు పోయి వెనకనుంచి చెక్ మీద చెక్ ఇవ్వాలి. బంటు ముందుకొచ్చేసింది కాబట్టి అవతలి రాజుకి దాక్కునే చోటుండదు. తొందరపడి ముందే పోతే తిప్పలు. భయపడి మొదటి వరుసలో ఒదిగితే, మధ్య బంటు దగ్గర సాధారణంగా ఓటమే. ఇదంతా పట్టీలో రాదు.

రెండో ర్యాపిడ్లో హంపి టైం ఒత్తిడిలో పడి ఓడింది. 2.5–1.5. గ్రాండ్‌మాస్టర్ హోదాకి టోర్నీల్లో సంపాదించాల్సిన నార్మ్ ఒక్కటి కూడా లేకుండా వచ్చిన 19 ఏళ్ల దివ్య, ఈ కప్పు గెలుపుతో నేరుగా గ్రాండ్‌మాస్టరైపోయింది. కొట్టు తీర్పు మాత్రం "హంపికి వయసైపోయిందిలే" అని. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ గెలిచినప్పుడు ఇదే వయసుని అనుభవం అన్నారు.

ఇంతలో ఓ పెద్దమనిషికి ఇంటినుంచి ఫోను. తొమ్మిదో తరగతి కూతురు చెస్ కోచింగ్‌కి పోతానంటోంది.

"ఇంటర్ కానీమ్మా, చూద్దాం."

ఒక్క సెకను కూడా ఆలోచించలేదు.