వనమహోత్సవం గారికి, గుత్తి నుంచి

మహారాజశ్రీ వనమహోత్సవం గారికి,

1950లో కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ గారు మొదలుపెట్టినప్పటి నుంచి తమరు ఏటా జూలైలో తప్పకుండా వేంచేస్తున్నారు. నిన్న మధ్యాహ్నమంతా తమరి కోసమే షామియానా కింద ఉడికాం. పెద్దాయన నాలుగింటికి వచ్చారు, రిబ్బను కట్టిన పార పట్టుకున్నారు, ఫొటోకు నవ్వారు, కారెక్కారు. మొక్కకు నీళ్ళు పోయడం ఎవరికీ గుర్తు రాలేదు. పోయినేడు నాటిన గుంతే గనుక తవ్వే శ్రమ తప్పింది, సంతోషం. అది చాలామంది వద్దంటున్న విదేశీ మొక్క కోనోకార్పస్ అన్న సంగతి ఎత్తను.

ఎత్తేది చింతచెట్టు సంగతి. అదే రోడ్డులో, వెడల్పు చెయ్యాలని పొద్దున్నే దానికి రంపం పెట్టారు. అడిగితే కాంట్రాక్టరు మనిషి, "ఒకటి కొడితే పది నాటుతాండాం కదన్నా, ఇంకేం కావల్ల నీకు?" అన్నాడు.

తొర్ర కావాలండీ.

మొక్కకు ట్రీగార్డు ఉంటుంది, దాని మీద దాత పేరు ఉంటుంది. తొర్ర ఉండదు. కొమ్మ విరగాలి, ఆ గాయంలో వాననీళ్ళు నిలవాలి, బూజు పట్టాలి, పురుగులు తొలవాలి. ఒక తరం పని అది. ఆ చింతమానులో మోచేతి దాకా చెయ్యి దూరేది. లోపల చిలకలు పిల్లల్ని చేసేవి.

మా ఊరి పేరు పెట్టుకున్న సాలీడు, గూటీ టారంటులా, తమరికి తెలియకపోదు. 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దాన్ని వర్ణించాడు. దొరికింది ఇక్కడి రైల్వే కలప యార్డులో. దిమ్మెలతోపాటు రైలెక్కి వచ్చి ఉంటుందంటారు. మళ్ళీ 2001లో గానీ కంటపడలేదు, నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో. ముదురు నీలం ఒళ్ళు, కాళ్ళ మీద పసుపు మచ్చలు. ఉండేది ముసలి చెట్ల తొర్రల్లో. నూరు చదరపు కిలోమీటర్లు కూడా లేని ఆ చోట వంటచెరకుకీ కలపకీ చెట్లు పోతుంటే 2008లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ వాళ్ళు అంతరించే ప్రమాదం మరీ ఎక్కువగా ఉన్న జీవుల్లో చేర్చారు. విదేశాల్లో దాన్ని కొని గాజు పెట్టెల్లో పెంచుకుంటున్నారు. ఆ వ్యాపారం మీద 2019లో అంతర్జాతీయ ఆంక్షలు కూడా వచ్చాయి. సాలీడును అనుమతి లేకుండా దేశం దాటిస్తే కేసు. దాని ఇల్లు కొట్టేస్తే పది మొక్కలు!

ఆడ సాలీడు పదేళ్ళు దాటి బతుకుతుంది. అన్నేళ్ళు బతికిన తమరి మొక్క మా రోడ్డులో ఒక్కటి చూపించండి, వచ్చి దండం పెడతా.

ఇక మర్యాద నావల్ల కాదు. మీ పది మొక్కలూ మాకొద్దు. పుచ్చిన మాను, ఎండిన కొమ్మ అంటూ ఉన్న చెట్ల జోలికి రావద్దు. రోడ్డు నాలుగడుగులు పక్కకు పోతే ఎవడి సొమ్ము పోతుంది? అలా కుదరదు, కొట్టి తీరతాం అంటే, నాటినవాళ్ళ పేర్లున్న బోర్డు మీదే కొట్టించినవాళ్ళ పేర్లు కూడా రాయించండి. పెద్దక్షరాలతో.

ఇట్లు,
గుత్తి వాసి ఒకడు