సబ్బాతు శనివారమే, అయినా ఆదివారం ఆరాధన తప్పు కాదు

"ఆదివారం క్రైస్తవుల విశ్రాంతిదినం" అని పాస్టర్లు చెబుతుంటారు, సండే స్కూలు పిల్లలు కంఠతా పడుతుంటారు. బైబిల్లో ఆ మాట ఎక్కడా లేదు. పది ఆజ్ఞల్లో నాలుగోది ఏడవ దినం గురించే చెబుతుంది. యూదులు తరతరాలుగా వరస తప్పకుండా పాటిస్తూ వచ్చిన ఆ ఏడవ దినం, అంటే సబ్బాతు అనే విశ్రాంతిదినం, శుక్రవారం పొద్దుగూకినప్పుడు మొదలై శనివారం పొద్దుగూకడంతో ముగుస్తుంది. యేసు అలవాటు ప్రకారం నజరేతు సమాజమందిరానికి వెళ్లింది ఆ రోజునే. ఆయన సమాధికి సుగంధ ద్రవ్యాలు సిద్ధం చేసుకున్న స్త్రీలు ఆజ్ఞ చొప్పున ఆగిపోయిందీ ఆ రోజునే. దాన్ని ఆదివారానికి మారుస్తున్నామని యేసు గానీ పౌలు గానీ అన్నట్టు కొత్త నిబంధనలో ఒక్క వచనం కూడా కనపడదు. ఈ విషయంలో శనివారమే ఆరాధన చేసే సెవెన్త్ డే అడ్వెంటిస్టులు అనే క్రైస్తవ శాఖవాళ్లు చెప్పేది నిజం. ఆదివారం సంఘాలు ముందు దీన్ని ఒప్పుకుంటే తగువు సగం తీరుతుంది.

మిగతా సగం అడ్వెంటిస్టుల వైపు ఉంది. ఆదివారం ఆరాధనను రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ పుట్టించాడని వాళ్లలో చాలామంది గట్టిగా నమ్ముతారు. యూదులు కాని విశ్వాసి కూడా శనివారాన్ని పాటించి తీరాలంటారు. ఈ రెండూ నిలబడవని నా అభిప్రాయం.

కాన్‌స్టంటైన్ శాసనం 321 మార్చి 7 నాటిది. పూజ్యమైన సూర్యుని దినాన న్యాయాధికారులు, పట్టణవాసులు పని మానాలని, పనిశాలలు మూసెయ్యాలని అందులో ఉంది. పల్లెటూరి రైతులకు మాత్రం మినహాయింపు ఇచ్చాడు. విత్తనానికో ద్రాక్ష నాట్లకో అదను తప్పితే పంట దక్కదు కదా. ఆ శాసనంలో క్రీస్తు పేరు లేదు, సంఘం ప్రస్తావన లేదు. ఆదివారానికి సర్కారీ సెలవు ఇచ్చిన మాట నిజమే గానీ, ఆ రోజు ఆరాధన అప్పటికే పాతబడిన అలవాటు. రోమ్‌లో ఉన్న క్రైస్తవ బోధకుడు జస్టిన్ మార్టర్ రెండో శతాబ్దం నడుమ, అంటే కాన్‌స్టంటైన్‌కు దాదాపు 170 ఏళ్ల ముందు, తమ ఆదివారపు కూడిక ఎలా జరిగేదో పూసగుచ్చినట్టు రాశాడు. పట్టణాల్లోని వాళ్లూ పల్లెల్లోని వాళ్లూ ఒకచోట చేరతారు. అపొస్తలుల జ్ఞాపకాలో ప్రవక్తల రాతలో వీలున్నంతసేపు చదువుతారు. పెద్ద బోధిస్తాడు, అందరూ లేచి నిలబడి ప్రార్థిస్తారు. రొట్టె, ద్రాక్షారసం, నీళ్లు తెస్తారు. రాలేనివాళ్లకు పరిచారకులు ఇంటికి పట్టుకెళ్లి ఇస్తారు. ఉన్నవాళ్లు ఇచ్చిన కానుక అనాథలకు, విధవరాళ్లకు, రోగులకు, చెరలో ఉన్నవాళ్లకు పోతుంది. మన ఊళ్లో ప్రభురాత్రి భోజన సంస్కారం ఇచ్చే ఆదివారం ఆరాధన వరస ఇప్పటికీ దాదాపు ఇదే.

శనివారం పక్షంలోనే చదువుకున్నవాళ్లు ఈ కాన్‌స్టంటైన్ కథను వదిలేసి చాలా కాలమైంది. అడ్వెంటిస్టు పండితుడు సామ్యూలే బాకియొక్కి రోమ్‌లోని కాథలిక్ గ్రెగోరియన్ విశ్వవిద్యాలయంలో ఇదే విషయంపై పరిశోధన చేశాడు. 1977లో వచ్చిన ఆయన పుస్తకం కూడా మార్పు రెండో శతాబ్దంలోనే జరిగిందంటుంది. రోమ్‌ సంఘం యూదుల నుంచి తనను వేరుచేసుకోవాలని చూసిందని, సూర్యారాధన ప్రభావం కూడా పడిందని ఆయన వాదన. అందులో నిజం పాలు లేకపోలేదు. ఆ కాలపు క్రైస్తవ రాతల్లో యూదుల మీద విషం దండిగా ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ ఒక్క రోమ్ సంఘం చెబితే లోకమంతా వినే రోజులు కావవి. ఈస్టర్ ఏ రోజు చేయాలన్న దానిపై 190ల ప్రాంతంలో రోమ్ బిషప్ విక్టర్ పట్టుబడితే ఎఫెసు బిషప్ పాలిక్రటీస్ ససేమిరా అన్నాడు. ఏడాదికొక పండుగ తేదీ మీదే అంత గొడవపడ్డవాళ్లు, వారం వారం కూడే రోజును రోమ్ మార్చేస్తే నోరు మూసుకుని ఊరుకుంటారా? ఆ గొడవ జాడ ఎక్కడా లేదంటే ఆ అలవాటు అంతకన్నా పాతదై, అన్ని చోట్లా పాదుకొని ఉండాలి.

ఆదివారం పక్షం చేసే అతి కూడా తక్కువేమీ కాదు. 1 కొరింథీయులకు 16:2లో పౌలు ఆదివారం ఆరాధనకు ఆజ్ఞ ఇచ్చాడని చెబుతారు. అక్కడ ఉన్నది యెరూషలేము పేదల కోసం ఆదివారం నాడు ఎవరికి వారు కొంత సొమ్ము తమ దగ్గర తీసిపెట్టమనడం. కానుకల ప్రసంగానికి పనికొస్తుంది గానీ ఆరాధన దినానికి రుజువు కాదు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో త్రోయ పట్టణంలో విశ్వాసులు రొట్టె విరవడానికి కూడుకున్న సంగతి కాస్త గట్టిది. అయితే అది రాత్రి కూడిక. యూదుల లెక్కన అది మన శనివారం రాత్రి కావచ్చు, రోమీయుల లెక్కన ఆదివారం రాత్రి కావచ్చు. పౌలు నడిరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్ర ఆపుకోలేక మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. ఈ కుర్రాడి మీద మనవాళ్లు చమత్కారాలు చాలానే వేస్తారు. పగలంతా పని చేసి వచ్చాడేమోనని ఆలోచించేవాళ్లు తక్కువ.

ఈ తగువులో ఎవరూ తాకని సంగతి నిజానికి అదే. మొదటి మూడు వందల ఏళ్లూ ఆదివారం పనిదినం. రోమా రాష్ట్రం బితూనియకు పాలకుడైన ప్లినీ 112 ప్రాంతంలో ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి క్రీస్తుకు కీర్తన పాడతారని, విడిపోయి మళ్లీ భోజనానికి కలుస్తారని ఉంది. ఆ రోజు ఫలానా వారమని ఆయన రాయలేదు. ఆదివారమని ఎక్కువమంది పండితులు అనుకుంటారు. ఏ రోజైనా, కోడి కూయకముందే ఎందుకు కూడారు? తెల్లారితే పనిలోకి వెళ్లాలి గనక. వాళ్లలో చాలామంది దాసులు. దాసుడికి వారానికొక సెలవు అనే ఊహే రోమా లోకంలో లేదు. కాబట్టి ఆదిమ సంఘానికి ఆదివారం సబ్బాతు కాదు, పునరుత్థానాన్ని తలచుకుని కూడుకునే రోజు మాత్రమే. దాన్ని పని మానే రోజుగా, నాలుగో ఆజ్ఞకు వారసురాలిగా నిలబెట్టింది తర్వాతి శతాబ్దాలు. 1640ల్లో ఇంగ్లండులో రాసిన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం దాన్ని ఘంటాపథంగా చెప్పింది, మిషనరీలు ఆ ఆదివారాన్నే మన దేశానికి మోసుకొచ్చారు.

ఇక శనివారం తప్పనిసరా అన్న ప్రశ్న. యెరూషలేము సభ (అపొస్తలుల కార్యములు 15) అన్యజనుల నుంచి, అంటే యూదులు కానివాళ్ల నుంచి, వచ్చిన విశ్వాసుల మీద మోపింది నాలుగే నాలుగు సంగతులు. వాటిలో సబ్బాతు లేదు. రోమీయులకు 14లో పౌలు ఒకడు ఒక దినాన్ని ఎక్కువగా ఎంచుతాడు, ఇంకొకడు అన్ని దినాలనూ సమానంగా ఎంచుతాడు, ఎవడి మనసులో వాడు రూఢి చేసుకోవాలి అంటాడు. కొలొస్సయులకు 2:16లో పండుగ, అమావాస్య, విశ్రాంతిదినం విషయంలో మీకు ఎవడూ తీర్పు తీర్చకూడదన్నాడు. అవి ఏడాది పండుగల సబ్బాతులే, వారపు సబ్బాతు కాదని అడ్వెంటిస్టుల జవాబు. కానీ పండుగ, అమావాస్య, సబ్బాతు అన్న జట్టు దినవృత్తాంతాల్లో, యెహెజ్కేలులో, హోషేయలో మళ్లీ మళ్లీ వస్తుంది. అది ఏడాదికొకటి, నెలకొకటి, వారానికొకటి అన్న వరస. వారానిదాన్ని అందులోంచి తప్పించడం కష్టం. ధర్మశాస్త్రంలో ఒక పొల్లయినా తప్పిపోదని యేసు అన్నాడు కదా అంటే, అన్నాడు. ఆ లెక్కన సున్నతి కూడా పొల్లే. దాన్ని వదిలి దీన్ని పట్టుకోవడానికి వాళ్లు నైతిక ధర్మశాస్త్రం, ఆచార ధర్మశాస్త్రం అని గీత గీస్తారు. ఆ గీత పౌలు రాతల్లో నాకు కనపడలేదు.

అలాగని శనివారం పాటించేవాళ్లను చిన్నచూపు చూడటం అన్యాయం. ఇథియోపియా సంఘం 1450లో దెబ్రె మిత్మాక్ సభ తర్వాత శని, ఆదివారాలు రెండింటినీ పవిత్రంగా ఎంచింది. మన దగ్గర నూజివీడులో ఆస్పత్రి పెట్టి తరాల తరబడి రోగులను చూసింది అడ్వెంటిస్టులే. ఆదివారం చర్చికి పోయేవాళ్లందరికీ ప్రకటన గ్రంథం చెప్పే మృగం ముద్ర, అంటే దేవుని శత్రువు పక్షమన్న గుర్తు, పడిపోయిందని కరపత్రాలు పంచే ఉత్సాహవంతులున్నారు గానీ, అది ఆ సంఘం బోధ కాదు. ఆదివారాన్ని చట్టంతో బలవంతపెట్టే రోజు వస్తే అప్పటి మాట అంటారు వాళ్లు.

రోజు మీద మరీ బిగుసుకుంటే ఏమవుతుందో పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవులు చూపించాయి. వ్యాపార సౌకర్యం కోసం ఆ దేశం తేదీ మారే గీత అయిన అంతర్జాతీయ దినరేఖకు అవతలి పక్కకు జరిగి, 2011 డిసెంబరు 30 శుక్రవారాన్ని క్యాలెండర్లోంచి ఎత్తేసింది. గురువారం రాత్రి పడుకున్నవాళ్లు శనివారం లేచారు. ఏడు రోజుల చక్రం తెగకూడదనుకుంటే అడ్వెంటిస్టుల ఏడవ దినం ఇప్పుడు ఆదివారం అని పిలిచే రోజున పడుతుంది. సంఘం అధికారికంగా అదే పాటించమంది. కొందరు ఒప్పుకోలేదు, శనివారమంటే శనివారమే అని విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నారు. ఆదివారం ఆరాధన చేసే అడ్వెంటిస్టులు, వాళ్లను తప్పుపట్టే శనివారపు అడ్వెంటిస్టులు! ఇద్దరి చేతుల్లోనూ అదే బైబిలు, అదే నిర్గమకాండం. పక్కనున్న టోంగాలో అయితే మొదటి నుంచీ అడ్వెంటిస్టుల ఆరాధన ఆదివారమే.

నాలుగో ఆజ్ఞ బైబిల్లో రెండు చోట్ల రెండు కారణాలతో ఉంది. నిర్గమకాండం సృష్టిని గుర్తుచేస్తుంది. దేవుడు ఏడవ దినాన విశ్రమించాడు గనక నువ్వూ విశ్రమించు అంటుంది. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయం ఐగుప్తును గుర్తుచేస్తుంది. నువ్వు అక్కడ దాసుడివి, అందుకని నీ దాసుడూ నీ దాసీ నీలాగే విశ్రమించాలి అంటుంది. మన వాదోపవాదాలన్నీ మొదటి కారణం చుట్టూ తిరుగుతాయి, ఎందుకంటే రోజు లెక్క అందులో ఉంది. రెండోదాన్ని తలకెత్తుకున్నవాళ్లు ఒకప్పుడు మన ఒంగోలు చుట్టుపక్కలే ఉన్నారు.

1866లో ఒంగోలు వచ్చిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గర మొదటి తరంలో చేరింది ఎక్కువగా మాదిగలు. తోళ్ల పని చేసే యర్రగుంట్ల పేరయ్య ఊరూరా తిరిగి తనవాళ్లకు సువార్త చెప్పాడు. ఆ తొలి విశ్వాసులకు నియమాలు మూడే: విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. మూడోది వినడానికి తేలికగా ఉంటుంది. చచ్చిన గొడ్డును ఈడ్చడం, చెప్పులు కుట్టడం, బావి నుంచి నీళ్లు తోడే మోటల తోలు తొండాలు బాగుచేయడం, జాతరలో డప్పు కొట్టడం, పిలిచినప్పుడల్లా వెట్టికి పోవడం మాదిగ కుటుంబం మీద ఊరు మోపిన బాధ్యతలు. ఆ పనులకు వారం వర్జ్యం ఉండవు. అలాంటి మనిషి ఈ రోజు రానని దొర ముఖం మీద చెప్పడమంటే ఊరి కట్టుబాటును ధిక్కరించడమే. ధిక్కరించినందుకు దెబ్బలు తిన్నారు, వెలివేతలు అనుభవించారు. వాళ్లు పట్టుబట్టింది ఆదివారం కోసం. పండితుల లెక్కన అది అసలు సబ్బాతే కాదు. ద్వితీయోపదేశకాండం చెప్పిన సబ్బాతును తెలుగు నేల మీద అంత అక్షరాలా పాటించినవాళ్లు మళ్లీ కనపడరు.

పని చేసేవాడికి ఒక రోజు సెలవు దొరకడం వెనక చర్చి ఒక్కటే లేదని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బొంబాయి మిల్లు కార్మికులకు 1890 జూన్‌లో ఆదివారం సెలవు వచ్చింది కార్మిక నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే పోరాటంతో. ఆదివారం మరాఠీలు కొలిచే ఖండోబా దేవుడి రోజు కూడా అని ఆయన వాదించాడు.

ఇప్పటి సంగతికొస్తే, కువైట్‌లో తెలుగు సంఘాల ఆరాధన ఎక్కువగా శుక్రవారం నాడు, ఎందుకంటే అక్కడ సెలవు ఆ రోజు. కడప నుంచి, కోనసీమ నుంచి ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు ఆ పాటలకు గొంతు కలుపుతారు. ఇంటిపనివాళ్లకు వారానికొక రోజు సెలవు ఇవ్వాలని కువైట్ 2015లో చట్టం చేసింది. ఆ సెలవు ప్రతి ఇంట్లో దొరుకుతుందని అక్కడ పనిచేసి వచ్చిన ఏ ఆడమనిషీ చెప్పదు. ఆమె శుక్రవారం ఆరాధన చెల్లుతుందా చెల్లదా అని ఇక్కడ శనివారం బోధకుడు గానీ ఆదివారం బోధకుడు గానీ అడగడు. అడిగితే ఇద్దరి వాదనకూ ఇబ్బందే. పోనీ ఇంత దూరం ఎందుకు, ఇక్కడి పెద్ద పెద్ద చర్చిల్లో ఆదివారం మధ్యాహ్నం ప్రేమవిందుకు వంట చేసేవాళ్లు, అంట్లు తోమేవాళ్లు, కుర్చీలు సర్దేవాళ్లు ఎవరు, వాళ్లకు వారంలో సెలవు ఏ రోజు? ఈ ప్రశ్న కమిటీ మీటింగులో పెట్టిన సంఘం ఉంటే, అది శనివారం సంఘమో ఆదివారం సంఘమో నేను పట్టించుకోను.